ఆరు నిమిషాల గాలి

"సంతకం పెట్టు," అన్నాడు చీఫ్.

టేబుల్ మీద ఒకటే కాగితం, దాని మీద నాలుగు పేరాల టైపు, కింద ఒక ఖాళీ గీత. ఎదురు కుర్చీలో కూర్చున్న ఏజెంటు దాన్ని రెండుసార్లు చదివాడు. మూడోసారి చదివితే చీఫ్‌కి అనుమానం వస్తుందని తల ఎత్తాడు.

అది ఒక పాత ఫోటో స్టూడియో వెనక గది. పైకి స్టూడియో, లోపల డిపార్టుమెంటు. చీఫ్ వెనక గోడకి జలపాతం బొమ్మ వేసిన పరదా వేలాడుతూ ఉంటుంది. పదేళ్లుగా దేశ రహస్యాలన్నీ ఆ జలపాతం కిందే చర్చకు వస్తున్నాయి, ఒక్కటి కూడా తడవలేదని చీఫ్ అప్పుడప్పుడు గొప్పలు చెప్పుకుంటాడు.

"టెస్ట్ ఇంజనీరు విదేశీ ముఠాతో చేతులు కలిపి, ఉపగ్రహం బేరింగు పరీక్షని కావాలని పాడుచేశాడు. అదేగా నువ్వు చెప్పాల్సింది. ఏడాదిన్నర ఆయన పక్కన టెక్నీషియన్ వేషంలో పనిచేశావు. నీ సాక్ష్యం ఒక్కటి చాలు. సాయంత్రం ఐదుకి అరెస్టు."

"మాస్టారు అలాంటి మనిషి కాదనిపిస్తోంది సర్."

"అనిపించడానికి మనకి ఉద్యోగాలు ఇవ్వలేదు. ఆధారం ఉందా?"

ఉంది. ఆధారం ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది.

అతని అసలు పేరు ఏ ఫైల్లోనూ లేదు. లాబ్‌లో అందరూ అతన్ని 'సైలెన్సర్' అనేవారు, రోజుకి పది మాటలకి మించి మాట్లాడడని. మాట్లాడకపోవడం గూఢచారికి సుగుణమని ట్రెయినింగులో నేర్పారు. దోషికి కూడా అది బాగా పనికొస్తుందని అతనే సొంతంగా నేర్చుకున్నాడు.

"ఇంకోసారి గుర్తు చేస్తాను," అన్నాడు చీఫ్ వేళ్లు మడుస్తూ. "ముఠా పేరు మన ఫైళ్లలో 'చెద'. వాళ్లకి కావాల్సింది మన తుఫాను ఉపగ్రహం పనిచేయకపోవడం. ఉపగ్రహం పైకి వెళ్లాక సోలార్ రెక్కలు విప్పుకోవాలి. రెక్కకి కీలు, కీలుకి బేరింగు. బేరింగు బిగుసుకుందా, రెక్క విప్పుకోదు, కరెంటు రాదు, అంతా గోవిందా. బేరింగు మీద మాస్టారు వేసిన పూత పరీక్షలో పోయింది కాబట్టి ఇప్పుడు సప్లయరు కంపెనీ కీలు వేస్తున్నారు. ఇవాళ నాలుగు గంటలకి ఉపగ్రహాన్ని పెట్టెలో పెట్టి సీలు వేస్తారు. ఆ టైము దాటితే ప్రయోగం ఏడు నెలలు వాయిదా. నేను కూడా హాల్లో ఉంటాను, ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టర్ వేషంలో."

"మీసాలు పెట్టుకుంటారా సర్?"

"ఆ. ఎందుకు?"

"పోయినసారి ఊడిపోయాయి."

చీఫ్ వినిపించుకోలేదు. సొరుగులోంచి ఒక టైపిన్ తీసి తోశాడు. నొక్కితే మత్తుసూది వస్తుందట. సైలెన్సర్ చేతికున్న గడియారం కూడా డిపార్టుమెంటుదే. అందులో కెమెరా ఉంది కానీ టైము మాత్రం పావుగంట వెనక నడుస్తుంది.

"సంతకం నాలుగింటికి పెడతాను సర్. లాబ్‌లో నా సామాన్లు కొన్ని ఉన్నాయి."

"నాలుగు అంటే నాలుగే," అన్నాడు చీఫ్.

*

రెండు నెలల కిందటి మాట. బయట ఆగకుండా వాన.

బస్‌స్టాపులో నీలం కోటు వేసుకున్న ఒకావిడ అతని పక్కన నిలబడి, "ఈ గొడుగు మీదేనా?" అని అడిగింది.

"నాది కాదు, వానది," అన్నాడు సైలెన్సర్. అది ఆ నెల కోడ్‌వర్డు. ఎవరు రాస్తారో గానీ ఒక్కటీ బాగుండదు.

ఆమె కోడ్‌నేమ్ వెన్నెల. సప్లయరు కంపెనీ తరఫున శాంపిళ్లు పట్టుకుని లాబ్‌కి వచ్చే మేడమ్. చెద ముఠాలో డిపార్టుమెంటు పెట్టిన మనిషి. అందగత్తె అని చెప్పడం తక్కువ మాట. ఆమె కారిడార్లో నడిస్తే అకౌంట్స్ సెక్షన్లో కూడిక తప్పేది.

"ఛాంబర్లో తిరుగుతున్న బేరింగు మాస్టారిది కాదు," అంది ఆమె వాన వైపు చూస్తూ. "ఆయన మార్చేశాడు. రుజువు కావాలి. బేరింగు కింద ట్రేలో పొడి రాలుతుంది. ఒక చిటికెడు తెచ్చివ్వండి. మోటారు మాత్రం ఆపకండి. ఆపితే గ్రాఫులో తెలిసిపోతుంది."

ఆ ఛాంబరు ఒక స్టీలు డ్రమ్ము, దానికి మందపాటి గాజు కిటికీ. లోపలి గాలంతా పంపు లాగేస్తుంది. ఆ శూన్యంలో బొటనవేలంత బేరింగు నలభై రోజులు ఆగకుండా తిరగాలి. అంతరిక్షంలో నూనె ఆవిరైపోతుంది, గ్రీజు రాయిలా గడ్డకడుతుంది. అందుకే మాస్టారు పదకొండేళ్లు కూర్చుని ఒక పొడిపూత తయారుచేశారు. నూనె చుక్క లేకుండా తనంతట తనే జారే నల్లటి పూత, వెంట్రుకలో వందో వంతు మందం. దానికి ఉన్న శత్రువు ఒక్కటే, తడిగాలి. ఆగి ఉన్నప్పుడు తగిలితే ఓర్చుకుంటుంది. తిరుగుతుండగా తగిలిందా, అరిగిపోతుంది.

ఈ సంగతి సైలెన్సర్‌కి తెలుసు. మాస్టారు మొదటి రోజే చెప్పారు, ఆ తర్వాత కనీసం నలభైసార్లు చెప్పారు. తెలిసే చేశాడు. ఆరు నిమిషాలకి ఏమవుతుందిలే అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మాస్టారి భార్యకి కంటి ఆపరేషన్. "తమ్ముడూ, రెండు గంటలు ఛాంబరు చూస్తూ ఉండు. నిన్న రెండు షిఫ్టులు చేశావు, నిద్రొస్తే మొహం కడుక్కో," అని చెప్పి ఆయన ఆస్పత్రికి వెళ్లారు. సైలెన్సర్ ఒత్తిడి చూపే గేజి ఆపాడు. వాల్వు తిప్పాడు. బుస్సుమంటూ వాన వాసన గాలి లోపలికి దూసుకుపోయింది. తలుపు తీసి పొడి తీశాడు, గడియారంతో ఫోటో కొట్టాడు, తలుపు మూసి మళ్లీ పంపు వేశాడు. రీడింగుల పుస్తకంలో అంతకు ముందు గంట అంకెనే కిందకి దింపాడు. తిరిగొచ్చిన మాస్టారు ఆ అంకె కింద మారు మాట లేకుండా సంతకం పెట్టారు.

రెండు రోజుల తర్వాత బేరింగు కీచుమని ఆగిపోయింది. ఇరవై మూడో రోజు.

*

ఫోటో స్టూడియో నుంచి అతను తిన్నగా లాబ్‌కి వెళ్లలేకపోయాడు. కాళ్లు వాటంతటవే మాస్టారి ఇంటి వైపు తిరిగాయి.

మాస్టారు వీధి తలుపు బందు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. చేతిలో పెన్సిల్. ముల్లుని బ్లేడుతో గీకి ఆ నల్లపొడిని బందులోకి ఊదుతున్నారు.

"రా తమ్ముడూ. తలుపు కిర్రుమంటోందని మీ అక్కయ్య గోల. సస్పెన్షన్లో ఉన్నవాడికి ఇంతకంటే పనేముంది."

"నూనె వేయొచ్చుగా మాస్టారూ."

"దుమ్ము పట్టేస్తుంది. గాలున్న చోట గ్రాఫైట్ మంచి మందు. అది జారేది దాని గొప్పతనం కాదు, గాలిలో ఉన్న తేమ గొప్పతనం. ఇదే పొడి మన ఛాంబర్లో వేసి చూడు, ఇసుక పోసినట్టు కొరుకుతుంది." ఆయన తలుపు అటూ ఇటూ ఊపి చూసుకుని తృప్తి పడ్డారు. "మన పూతకి తేమ విషం, దీనికి తేమే ప్రాణం. ఎవడి బలహీనత వాడిది."

లోపల్నుంచి అక్కయ్య నల్లకళ్లజోడుతో వచ్చి మంచినీళ్ల గ్లాసు ఇచ్చింది. "నువ్వన్నా చెప్పు. ఆయన మళ్లీ విచారణ కమిటీకి ఉత్తరం రాయనంటున్నారు. తప్పు చేయనివాడికి మొహమాటం ఎందుకు?"

"చేశానే," అన్నారు మాస్టారు నెమ్మదిగా. ఆమె లోపలికి వెళ్లాక గొంతు తగ్గించారు. "కమిటీలో అడిగారు, ఒంటిగంట రీడింగు మీ కళ్లతో చూశారా అని. చూశానన్నాను. నీకు కునుకు పట్టి పాత అంకె వేసుంటావని తెలుసు. ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగం, ఎందుకు నీ మెడకి చుట్టడం అనుకున్నాను. ముప్పై ఏళ్లలో అదొక్కటే నేను చూడకుండా చూశానన్న రీడింగు."

సైలెన్సర్ తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు. శత్రు దేశాల్లో రెండుసార్లు పట్టుబడి కొట్టించుకున్నాడు, ఒకసారి గోళ్లు పోయాయి. అప్పుడు కూడా ఇంత నొప్పి తెలియలేదు. తను మనిషినా కాదా అని తనని తను తిట్టుకున్నాడు. ఇప్పుడే చెప్పేయాలని నోరు తెరిచాడు.

"పంపు నూనె చూస్తున్నావా రోజూ?" అని అడిగారు మాస్టారు.

"చూస్తున్నాను," అన్నాడు. అదీ అబద్ధమే. మాస్టారు వెళ్లిపోయినప్పటి నుంచి అతను ఆ గదిలోకే సరిగా అడుగు పెట్టలేదు.

*

మూడుంబావుకి లాబ్ టెస్ట్‌రూమ్ ఖాళీగా ఉంది. అందరూ పెట్టె సీలు చూడడానికి పక్క హాలుకి వెళ్లారు. ఛాంబర్లో సప్లయరు వాళ్ల బేరింగు తిరుగుతూనే ఉంది. నలభై రోజులూ పూర్తయ్యాయి, బేరింగు ఎంత బిగువుగా తిరుగుతోందో చూపే గ్రాఫు గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. అతిథులకి చూపించడానికి ఇంకా ఆపలేదు.

కనీసం ఆయనకి చెప్పిన ఆ ఒక్క అబద్ధమైనా నిజం చేద్దామని సైలెన్సర్ వంగి పంపుకున్న చిన్న గాజు కిటికీలోకి చూశాడు. "పొద్దున్నే గేజి చూడకు తమ్ముడూ, గేజి అబద్ధమాడొచ్చు. నూనె ఆడదు," అనేవారు మాస్టారు. ఆ నూనె తేనె రంగులో ఉండాలి.

పాలు కలిపినట్టు తెల్లగా ఉంది.

పంపు నీటిఆవిరి తాగితేనే నూనె అలా విరుగుతుంది. నలభై రోజులుగా శూన్యంలో ఉన్న డ్రమ్ములోకి నీళ్లెక్కడివి?

ఛాంబరు వెనక్కి వెళ్లాడు. గేజి లాబ్‌ది కాదు, సప్లయరు తెచ్చింది. దాని పక్కనే సీలు వేసిన ఒక బాక్సు, మీద 'కాలిబ్రేషన్ యూనిట్' అని అందమైన లేబులు. బాక్సులోంచి వెంట్రుకంత గొట్టం ఛాంబర్లోకి వెళ్తోంది. సీలు తెంచాడు. లోపల ఒక గాజు సీసా. సగం నీళ్లు.

అంతా ఒక్కసారి అర్థమైంది. లోపల తిరుగుతున్నది పెన్సిల్ ముల్లు సరుకు. దానికి బతకడానికి తేమ కావాలి, అందుకని నలభై రోజులూ చుక్కచుక్కగా తేమ పడుతున్నారు. గేజి మాత్రం శూన్యం ఉందనే చూపిస్తుంది, దాన్ని తయారుచేసిందే అందుకు. అంతరిక్షంలో నీళ్లసీసా పెట్టేవాడు ఎవడూ ఉండడు. మొదటి గంటలోనే కీలు బిగుసుకుంటుంది.

"చాలా టైము తీసుకున్నారు," అంది వెనక నుంచి ఒక గొంతు.

నీలం కోటు. గుమ్మానికి ఆనుకుని నిలబడి పెదాలకి రంగు సర్దుకుంటోంది.

"మీరు మన మనిషి," అన్నాడు సైలెన్సర్.

"మీ చీఫ్ అలా అనుకున్నాడు. నేనెందుకు కాదనాలి?" లిప్‌స్టిక్ మూత పెట్టింది. "మీరు తెచ్చిన పొడి కాలవలో పారేశాను. నాకు కావాల్సింది పొడి కాదు, తలుపు తెరుచుకోవడం. మాస్టారి పూత పోతేగానీ మా సరుకు లోపలికి రాదు. ఆ గదిలో అడుగుపెట్టే ధైర్యం మా వాళ్లకి ఎవరికీ లేదు. ఆయన మిమ్మల్ని తప్ప ఎవర్నీ నమ్మలేదు."

అతను టైపిన్ నొక్కాడు. సూది బయటికి రాలేదు, లోపలి స్ప్రింగు బిగుసుకుపోయినట్టుంది.

ఆమె నవ్వింది. "నా దగ్గర పిస్టల్ ఉంది. కానీ అవసరం లేదు. మీరెవరికీ చెప్పరు. చెప్పాలంటే మొదట ఆరు నిమిషాల సంగతి చెప్పాలి. రెండు నెలలుగా చెప్పనివారు ఇవాళ చెబుతారా? నాలుగింటికి హాల్లో కలుద్దాం."

మడమల చప్పుడు కారిడార్లో దూరమైంది. ఆమె అన్న ప్రతి మాటా నిజమే. అందుకే అతను కాసేపు అక్కడే నిలబడిపోయాడు.

తర్వాత వెళ్లి తేమ పోకుండా గొట్టం నొక్కి మూసేశాడు. పంపు వాల్వు పూర్తిగా తెరిచాడు. సీసా జేబులో పెట్టుకుని వైర్‌లెస్‌లో చీఫ్‌ని పిలిచి మొత్తం చెప్పాడు. ఆరు నిమిషాలతో సహా.



"విను," అన్నాడు చీఫ్. "సీసా చూపించు, సీలు ఆపు. అంతవరకే. మిగతాది నీ నోట రాకూడదు. దేశాన్ని కాపాడాల్సిన డిపార్టుమెంటే దగ్గరుండి పరీక్ష పాడుచేసిందని తెలిస్తే మనకి ఈ స్టూడియో కూడా మిగలదు. ఆ ముసలాయన సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాత అంటే ఎప్పుడు సర్?"

చీఫ్ లైను కట్ చేశాడు.

*

హాలులోకి వెళ్లాలంటే ఎయిర్‌షవర్ దాటాలి. అది రెండు తలుపుల మధ్య మనిషి పట్టేంత గది. ఒంటి మీద దుమ్ము పోయేదాకా గాలి కొడుతుంది. ఒక తలుపు పూర్తిగా మూసుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది. సైలెన్సర్ తెల్లటి ఓవరాల్, టోపీ తగిలించుకుని లోపలికి అడుగుపెట్టేసరికి గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది.

ఉపగ్రహం స్టాండు మీద రెక్కలు ముడుచుకుని ఉంది. చుట్టూ తెల్లబట్టల్లో పదిమంది. డైరెక్టరు, ఇద్దరు ఫిట్టర్లు, మాస్కు కింద మీసాలు పక్కకి జారుతున్న ఒక ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టర్. వాళ్లలో ఒకామెకి మాత్రం ఓవరాల్ కూడా కొలతలు తీసుకుని కుట్టినట్టుంది.

సైలెన్సర్ సీసా తీసి డైరెక్టరు ముందు పెట్టాడు. "సార్, సప్లయరు బేరింగు నలభై రోజులూ దీన్ని తాగి బతికింది. ఇప్పుడు ఆపేశాను. గ్రాఫు చూడండి."

ఛాంబరు గ్రాఫు హాల్లో టీవీ మీద కనిపిస్తుంది. అందరూ అటు తిరిగారు. తిన్నగా ఉన్న గీత అప్పటికే వణుకుతోంది. ఒక నిమిషం. రెండు. గీత పైకి పాకింది, జారింది, మళ్లీ పాకింది, ఒక్క ఊపున తెర పైఅంచు తాకింది. కింద ఎర్రలైటు వెలిగింది. మోటారు ఆగిపోయింది.

డైరెక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ కీలు ఊడదీయండి," అన్నాడు ఫిట్టర్లతో.

"ఊడదీసి ఏది పెడతారు సార్?" వెన్నెల గొంతు మెత్తగా ఉంది. "మా సరుకులో పొరపాటు జరిగితే విచారించండి, నేను వద్దనను. కానీ మాస్టారి కీలు కూడా ఫెయిలే కదా. ఫెయిలైన కీలుతో ఎలా పంపుతారు?"

ఆమె ఎటూ ఓడిపోదు. కీలు బిగుసుకున్నా చెదకి లాభమే, ఏడు నెలలు వాయిదా పడినా లాభమే. ఈలోగా రెండు తుఫాను కాలాలు వచ్చిపోతాయి.

"మాస్టారివి మూడు శాంపిళ్లు నలభై రోజులు దాటాయి. నాలుగోది ఎందుకు పోయిందో రెండు నెలలుగా జుట్టు పీక్కుంటున్నాను," అన్నాడు డైరెక్టరు నీరసంగా. "కారణం తెలియకుండా నేనేం చేయను? వాయిదా వేయండి."

ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టర్ సైలెన్సర్ వైపు చూశాడు. నోరు మూసుకో అని ఆ చూపు అర్థం. పదేళ్లుగా సైలెన్సర్ ఆ చూపుకి లొంగుతూనే ఉన్నాడు.

"కారణం నేను సార్," అన్నాడు.

ఆ మాట బయటికి వచ్చాక మిగతావి వాటంతటవే వచ్చాయి. "ఇరవై ఒకటో రోజు ఒంటిగంటకి ఛాంబరు తెరిచింది నేను. మోటారు తిరుగుతుండగా తెరిచాను. బయట వాన. ఆరు నిమిషాలు. రీడింగు దొంగది, రాసింది నేను. మాస్టారు ఆ టైములో ఆస్పత్రిలో ఉన్నారు. నాకు కునుకు పట్టిందనుకుని నన్ను కాపాడడానికి మీ దగ్గర అబద్ధం చెప్పారు. ఆయన పూతలో లోపం లేదు. నేను టెక్నీషియన్ని కాదు, గూఢచారిని. ఇదిగో ఫోటో."

గడియారం వెనక మూత తీసి ఫిల్ము ఇచ్చాడు. తనే కడిగి, రెండు నెలలుగా చీఫ్‌కి ఇవ్వకుండా దాచుకున్న ఫిల్ము. డైరెక్టరు దాన్ని లైటుకి ఎత్తి చూశాడు. తెరిచిన ఛాంబరు, తిరుగుతూ మసగ్గా పడిన బేరింగు, దాని కింద చిన్న పట్టకారు పట్టుకున్న చెయ్యి. ఆ చేతికి రెండు గోళ్లు లేవు. డైరెక్టరు కళ్లు సైలెన్సర్ చేతి మీదికి వచ్చి అక్కడే ఆగాయి.

"తడి తగలని నైట్రోజన్ బాక్సులో మాస్టారి రెండో కీలు ఉంది," అన్నాడు డైరెక్టరు. గొంతు మారిపోయింది. "పట్టుకురండి. ఆరు స్క్రూలు. ఎనిమిది నిమిషాలున్నాయి."

అప్పటికే వెన్నెల ఎయిర్‌షవర్ తలుపు దాటింది. సైలెన్సర్ పరుగెత్తాడు. లోపలి తలుపు మూసుకునే లోపు సందులో బూటు పెట్టాడు. తలుపు పూర్తిగా మూసుకోదు కాబట్టి అవతలిది తెరుచుకోదు. గాలి మాత్రం హోరున కొట్టడం మొదలుపెట్టింది. వెన్నెల లిప్‌స్టిక్‌లో దాచిన పిస్టల్ ఎత్తింది, గాలికి టోపీ ఎగిరి జుట్టంతా మొహాన పడి గురి తప్పింది. గుండు కప్పులో దిగింది. అందులో ఉండేది ఒకే గుండు.

"ఛాంబరు తలుపు తీసింది మీరు," అంది ఆమె జుట్టు తోసుకుంటూ. "నేను అడిగానంతే."

"అవును," అన్నాడు సైలెన్సర్. బూటు కదపలేదు. పాదం చితికిపోతున్నా ఆ నొప్పి అతనికి కొంచెం హాయిగానే ఉంది.

వెనక ఫిట్టర్లు ఒక్కో స్క్రూ లెక్కపెడుతున్నారు. నాలుగు. ఐదు. గోడ గడియారం ముల్లు పన్నెండుకి అంగుళం దూరంలో ఉండగా ఆరో స్క్రూ బిగిసింది. సీలు పడింది. చీఫ్ మీసాలు సరిగ్గా అప్పుడే ఊడి, దుమ్ము రవ్వ కూడా పడకూడని ఆ నేల మీద పడ్డాయి.

*

వెన్నెలని హాల్లోనే పట్టుకున్నారు. ఐదింటికి మాస్టారి ఇంట్లో అరెస్టు జరగలేదు. దాని బదులు ఒక మనిషి నిలబడి రెండు నెలల సంగతి మొత్తం చెప్పాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

చెప్పడం అయిపోయాక అక్కయ్య నల్లకళ్లజోడు తీసి తుడుచుకుంది.

"కమిటీ నుంచి వచ్చిన రోజు ఈయన భోజనం చేయలేదు," అంది. "అబద్ధం చెప్పానని. నీ కోసమని నాకు చెప్పలేదు కూడా." ఆమె లేచి లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు.

"ఎంతసేపు తెరిచావు?" అని అడిగారు మాస్టారు.

"ఆరు నిమిషాలు."

"గాలిలో తేమ ఎంత?"

"ఎనభై ఎనిమిది శాతం."

ఆయన పేపరు అంచు మీద ఏదో లెక్క వేసుకున్నారు. కొట్టేసి మళ్లీ వేశారు. "అంత తడిలో ఆరు నిమిషాలు తిరిగి, ఆ పైన రెండు రోజులు నిలబడిందా," అన్నారు తనలో తను. మొహంలో ఏదో వెలుగు వచ్చి పోయింది. తర్వాత తల ఎత్తారు. "నన్ను అడిగి ఉంటే మోటారు ఆపి తీయమని చెప్పేవాణ్ణి. గ్రాఫుకి ఏదో ఒకటి చెప్పుకునేవాళ్లం."

"అడగలేదు మాస్టారూ."

"నీ మీద కోపం ఉంది. అది పోతుందని నాకు నమ్మకం లేదు."

"పోకూడదు," అన్నాడు సైలెన్సర్. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు.

"నీ ఉద్యోగం?"

"ఊడింది. మీ మీద టైపు చేసిన కాగితంలోనే ముఠా మాట తీసేసి, మీ పేరు బదులు నా పేరు వేయించారు. సంతకం పెట్టేశాను."

మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "సోమవారం నుంచి ఐదో శాంపిలు మొదలుపెట్టాలి. నలభై రోజులు, గంట గంటకీ రీడింగు. ఆ బోరు పనికి ఎవడూ రాడు," అన్నారు. పిలిచినట్టూ లేదు, పొమ్మన్నట్టూ లేదు.

సోమవారం ఎనిమిదింటికి సైలెన్సర్ వెళ్లాడు. మాస్టారు పుస్తకం అతని ముందుకి తోశారు. 'తమ్ముడూ' అన్న పిలుపు మాత్రం మళ్లీ వినపడలేదు. ఐదు దేశాల పోలీసులు పదేళ్లు వెతికి రెండుసార్లు మాత్రమే పట్టుకోగలిగిన ఆ మనిషి దగ్గరికి, నలభై రోజుల పాటు ఒక ముసలి ఇంజనీరు గంటకోసారి వచ్చి, కళ్లజోడు పైకి నెట్టుకుని, అతను రాసిన అంకెనీ గేజినీ రెండుసార్లు పోల్చి చూసి మరీ సంతకం పెట్టేవాడు.